అప్పజెప్పుడు చదువు

మా తోడికోడలు బిడ్డ ఈ మధ్యనే బి.ఎడ్. పూర్తి చేసి ఒక బడిలో టీచరుగ చేరింది. మొన్న ఇంటికొచ్చి కూసొని, "పెద్దమ్మా, ఫిలాసఫీ పేపర్ల ఎసెన్షియలిజం లాభాలు, నష్టాలు అని పేజీలకు పేజీలు రాసిన. మార్కులు మంచిగనే వచ్చినయి. కానీ ఆ నష్టాలు బడిల ఎక్కడ ఉంటయో నాకు కనవడ్తలేదు," అన్నది. ఆ పిల్ల కోసం రాస్తున్న ఇది. ఆ పిల్ల లెక్కనే కొత్తగ చాక్‌పీసు పట్టుకునేటోళ్ళు ఇంకెవరన్న చదివినా మంచిదే.

ముందుగాల ఒక మాట. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్ల లొల్లి ఇందుల రాయను. అవి అందరికీ ఉంటయి, చదివేటోళ్ళకు ఒక్కటి పనికిరాదు. భాష కూడా నేను ఇంట్ల మాట్లాడే భాషనే. జీవితమంతా బ్లాక్‌బోర్డు మీద పుస్తకాల భాష రాసి రాసి బేజారైంది.

ఆ సిద్ధాంతం పేరు పెద్దది గని విషయం చిన్నదే. లోకంల ఉన్న చదువుల కొంత భాగం ప్రతి పిల్లకు తప్పనిసరి. చదువుడు, రాసుడు, లెక్క, కొంత సైన్సు, కొంత చరిత్ర. అది ఎంతనో పెద్దలే నిర్ణయిస్తరు. టీచరు దాన్ని వరుసగ చెప్పాలె, పిల్లలు క్రమశిక్షణతోని నేర్చుకోవాలె. పిల్లకు ఏది ఇష్టం, ఏం అనుమానం వచ్చింది అనేది తర్వాతి సంగతి. ఇంతే. తొంభైలల్ల దాదాపు అన్ని ఏండ్లూ నేను ఈ సిద్ధాంతం కిందనే నౌకరి చేసిన. ఆ పేరు మా బడిల ఎవ్వరూ ఒక్కసారన్న అనలే.

బడి

మా బడి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు దిగి అశోక్‌నగర్ దిక్కు పోయే ఒక గల్లీల ఉండె. పేరు రాయను. తెలుగు మీడియం, ప్రైవేటు యాజమాన్యం. కింద నాలుగు గదులు, మీద నాలుగు గదులు, నడుమ చిన్న వాకిలి. నేను నారాయణగూడల ఉండేదాన్ని, పొద్దున నడుచుకుంట పోయేది. దారి పొడుగునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, గోడల మీద కాగితాలు, కిరాయి గదుల కిటికీలకెల్లి గ్రూప్ పరీక్షలకు చదివే పోరగాళ్ళు గట్టిగ బట్టీ కొట్టే చప్పుడు. మా బడికి ఆ గాలి ముందే సోకిందేమో అనిపిస్తది ఇప్పుడు.

నేను సైన్సు, లెక్కలు చెప్పేదాన్ని. మొదట ఉన్న హెడ్‌మిస్ట్రెస్ గారు చాలా మంచి మనిషి. పిల్లల మీద చెయ్యి ఎత్తొద్దనేది, పాటలు పాడించేది, బొమ్మలు గీయించేది. పిల్లలకు ఆమె అంటే పానం. అయితే ఒకనాడు ఆరో తరగతిల ఒక పిలగాన్ని లేపి పాఠం చదవమన్న. వాడు పుస్తకంల ఉన్న బొమ్మ చూసి ఒక కథ చెప్పిండు. కథ మంచిగనే చెప్పిండు గని చదువుడు రాలే. పక్కోన్ని లేపిన, వానికీ రాలే. ఆ వరుసల సగం మందికి గుణింతాలు పూర్తిగ రావని అప్పుడు తెలిసింది. ఆరేండ్లు బడికొచ్చిన పిల్లలు వాళ్ళు. ప్రేమతోని పెంచిన పిల్లలకు అక్షరం ముక్క రాకపోతే ఆ ప్రేమ ఏం చేసుకోవాలె?

అది యాదిల పెట్టుకొని మిగతాది చదవండి. లేకుంటే తర్వాత వచ్చిన పెద్దమనిషిని మీరు ఊకనే తిట్టుకుంటరు.

కామేశ్వరరావు గారు

ఆమె రిటైర్ అయినంక హెడ్‌మాస్టరుగ కామేశ్వరరావు గారు వచ్చిండ్రు. గుంటూరు దిక్కు మనిషి. కొలువు కోసం హైదరాబాద్ వచ్చి ఎన్నో ఏండ్లయింది, ఇల్లు బర్కత్‌పురల. తెల్ల చొక్కా, మెల్లగ మాట్లాడుడు. గొంతు పెంచంగ నేను ఎన్నడూ వినలే. ఆయన వరండాల నడుస్తుంటే తరగతులు వాటంతట అవే నిశ్శబ్దమైతుండె.

చేరినంక మొదటి మీటింగుల మా అందరికీ చాయ్ తెప్పిచ్చి ఆయన కథ చెప్పిండ్రు.

"మా నాన్నగారు పెళ్ళిళ్ళకి వంటలు చేసేవారమ్మా. నేను వారాలు చేసుకుని చదువుకున్నాను. సోమవారం ఒకరింట్లో అన్నం, మంగళవారం ఇంకొకరింట్లో. పుస్తకం కొనే స్తోమత లేదు. స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకుని, తిరిగి ఇచ్చేలోగా మొత్తం కంఠస్థం చేసేవాణ్ణి. పుస్తకం వాడి దగ్గరికి వెళ్ళిపోయేది. పాఠం నా దగ్గరే ఉండేది. మన పిల్లల్లో చాలామంది నాలాంటివాళ్ళే. వీళ్ళకి మనం ఇవ్వగలిగిన ఆస్తి అదొక్కటే."

ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతది. చెప్పుడే కాదు, మనిషి చేసి చూపిచ్చిండు. బడి షురూ కాకముందే వచ్చి, చదువుడు రాని పిల్లలను వాకిట్ల కూసోవెట్టుకొని, అ ఆ నుంచి మొదలువెట్టిండ్రు. పైస తీస్కోలే. జ్వరమొచ్చినా సార్ మఫ్లర్ చుట్టుకొని వచ్చేటోళ్ళు. ఏడాది తిరిగేసరికి, బొమ్మ చూసి కథ చెప్పిన పిలగాడు పేపర్ల హెడ్డింగులు చదువుతుండె. వాళ్ళమ్మ బడి గేటు కాడ నిలవడి ఏడ్చింది. ఎసెన్షియలిజం లాభాలు అని మీరు రాసిన పాయింట్లన్నీ ఆ తల్లి ఏడుపుల ఉన్నయి, నేను ఒక్కటి కూడా కాదనను.

ఇగ డ్రాయింగ్ పీరియడ్ పోయింది. క్రాఫ్ట్ పోయింది. ఆటల పీరియడు వారానికి ఒక్కటి మిగిలింది. డ్రాయింగ్ మాస్టర్‌కు డిక్టేషన్ దిద్దే పని ఇచ్చిండ్రు. పిల్లలు "అయితది" అంటే ఆయన చిరునవ్వుతోని "అవుతుంది అనాలి నాన్నా" అని దిద్దేటోళ్ళు. కోపమే లేదు దాంట్ల. అయినా ఇంట్ల "అయితది" అనే పిల్లలు మెల్లమెల్లగ ఆయన ముందు నోరు తెరుచుడు తక్కువ చేసిండ్రు. ఏది తప్పనిసరి అని నిర్ణయించేది ఎవరైతే వాళ్ళింటి భాష, వాళ్ళింటి పద్ధతి దాని వెంబడే వస్తయి. ఇది మొదటి నష్టం. నేను అప్పుడు గమనించలే, నాకూ అది మర్యాదనే అనిపించింది.

లీడర్లు

ఒక్కొక్క తరగతిల అరవై మందికి తక్కువ లేకుండె. అందరితోని పాఠం అప్పజెప్పించుకోవాలంటే టీచర్‌తోని కాదు. అందుకని సార్ ఒక పద్ధతి పెట్టిండ్రు. తెలివైన పిల్లలను లీడర్లు చేసి, ఒక్కొక్కరికి కొంతమందిని అప్పగిచ్చిండ్రు. సాయంత్రం చివరి బెల్లుకు ముందు ప్రతి పిల్ల తన లీడర్ ముందు నిలవడి ఆ రోజు ప్రశ్నల జవాబులు చెప్పాలె. లీడర్ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూసుకుంట వింటది. మాట మారినా, మాట జారినా మళ్ళ మొదటి నుంచి. అన్నీ వచ్చినోళ్ళ పేరు పక్కన బోర్డు మీద టిక్కు. టిక్కు పడనోళ్ళు ఇంటికి పోవద్దు.

మా ఏడో తరగతి లీడర్లల్ల శ్రీలత అనే పిల్ల ఉండె. బంగారం లాంటి పిల్ల, ఒక్క తప్పు పోదు. అందరివి వినీ వినీ పుస్తకంల ఏ పేజీల ఏ వరుస ఉందో కూడా చెప్తుండె. ఒకసారి ఇన్‌స్పెక్టర్ వచ్చిండు. సార్ మురిపెంగ శ్రీలతను లేపిండ్రు. మొక్కలు ఆహారం ఎట్ల తయారు చేసుకుంటయో ఆ పిల్ల ఊపిరి తిప్పుకోకుండ చెప్పింది. ఇన్‌స్పెక్టర్ "శభాష్" అని, వరండాల కుండీల ఉన్న ఎర్రాకుల క్రోటన్ చూపిచ్చి, "మరి దీని ఆకులు ఎర్రగున్నయి కదా, ఇది ఎట్ల బతుకుతది?" అని అడిగిండు.

శ్రీలత కొంచెంసేపు ఆలోచించి, "సార్, ఆ క్వశ్చన్ మా పాఠంల లేదు," అన్నది.

అందరం నవ్వినం. ఆ పిల్ల మాత్రం నవ్వలే, నిజంగనే చెప్పింది. ఇన్‌స్పెక్టర్ పోయినంక సార్ నాతోని, "సిలబస్‌లో లేనిది అడగడం న్యాయం కాదు కదమ్మా," అన్నరు. ఆయన మొఖంల బాధ నిజమైనదే. నేను ఆ రోజు ఇంటికొచ్చి అది నవ్వులాట కింద చెప్పుకున్న.

సువర్ణ

శ్రీలత గ్రూపులనే సువర్ణ ఉండె. నాయన నర్సింహ నారాయణగూడల ఒక బట్టల దుకాణంల పనిచేస్తుండె. తల్లి ఇంట్ల బట్టలు కుడుతుండె. అశోక్‌నగర్ల చిన్న కిరాయి పోర్షన్. సువర్ణ ఎనుక ఇంకిద్దరు చిన్నపిల్లలు. ఆరో తరగతి ఒకసారి తప్పి మళ్ళ చదివి ఏడుకొచ్చింది. ఏడో తరగతికి అప్పుడు జిల్లా అంతటికీ కలిపి కామన్ పరీక్ష ఉండేది, పేపర్లు బయటోళ్ళు దిద్దేది.

ఆ పిల్ల మొద్దు కాదు. ఆ పిల్ల కష్టం వేరే. ఏ వాక్యం చెప్పినా దానికి సొంతంగ ఒక మాట కలిపేది. కలపకుండ ఉండలేకపోయేది.

ఒకరోజు సాయంత్రం శ్రీలత దగ్గర అప్పజెప్తున్నది. నేను పక్క బెంచీల కూసొని పేపర్లు దిద్దుతున్న.

"స్వచ్ఛమైన నీటికి రంగు, రుచి, వాసన ఉండవు. కానీ మా బోరు నీళ్ళు ఉప్పగుంటయి," అన్నది సువర్ణ.

"అది చెప్పొద్దు," అన్నది శ్రీలత. "పుస్తకంల లేదు. మళ్ళ చెప్పు."

"స్వచ్ఛమైన నీటికి రంగు, రుచి, వాసన ఉండవు. నల్లా నీళ్ళకు మందు వాసన ఉంటది."

"సువర్ణా, జర సతాయించకే. నేను గూడ ఇంటికి పోవాలె."

అందరూ పోయినా ఆ పిల్ల పేరు పక్కన టిక్కు పడలే. లీడర్‌ను ఏమనాలె? దానికి అప్పగిచ్చిన పని అది మంచిగనే చేసింది. ఒకరి మాట ఒకరు వినాల్సిన పిల్లలు ఒకరి మీద ఒకరు కాపలా కాసుడు నేర్చుకున్నరు. నేను సువర్ణను పిలిచి, "ఎందుకే, ఉన్నది చెప్పి పోరాదు?" అన్న.

"మేడమ్, స్వచ్ఛమైన నీళ్ళు మీరు తాగిండ్రా?" అని అడిగింది.

"లేదు. అవి బ్యాటరీలల్ల పోస్తరు. తాగరు."

"మరి ఎవ్వరూ తాగకపోతే రుచి లేదని ఎట్ల తెలిసింది?"

సర్వీసుల చేరినంక నన్ను అట్ల కట్టిపడేసిన ప్రశ్న అదే మొదటిది. కోపం రాలే, మస్తు సంతోషమైంది. "తెల్వది బిడ్డా, చూద్దాం," అన్న.

మూడు గ్లాసులు

మరునాడు పొద్దున ఇంట్ల నీళ్ళు కాగవెట్టి, మూతకు పట్టిన ఆవిరి చుక్కలు ఒడుపుగ గిన్నెల పోగుచేసిన. మావారు "ఏంది నీ పరేషాన్?" అని ఎక్కిరిచ్చిండు. ఒక సీసల ఆ నీళ్ళు, ఒక సీసల నల్లా నీళ్ళు, ఇంకొక సీసల బడి పక్కింటి బోరు నీళ్ళు. మూడు గ్లాసులల్ల పోసి తరగతిల పెట్టిన. ఒక్కొక్కరు వచ్చి చెంచాతోని రుచి చూసి చెప్పాలె.

ఆ తరగతి అంత మాట్లాడంగ నేను ముందెన్నడూ చూడలే. ఒకడు బోరు నీళ్ళే మంచిగున్నయి అంటడు. అంబర్‌పేట నుంచి వచ్చే ఒక పిల్ల, మా బోరు ముంగట ఇదెంత, అంటది. శ్రీలత గూడ వచ్చి రుచి చూసి, ఇంకోసారి చూస్తనని మళ్ళ లైన్ల నిలవడ్డది. సువర్ణ చివరికొచ్చింది. ఆవిరి నీళ్ళు నాలుక మీద పెట్టుకొని, కండ్లు మూసుకొని, "రుచి లేకపోవుడు గూడ ఒక రుచి లెక్కనే ఉన్నది మేడమ్. నోరు ఊకనే ఉన్నట్టుంది," అన్నది.

అప్పుడే తరగతి చప్పుడు ఆగింది. తలుపు కాడ సార్ నిలవడి ఉన్నరు.

"నీళ్ళు తాగడానికి ఇంటర్వెల్ ఉందిగా సరోజిని గారూ," అన్నరు మెల్లగ.

సాయంత్రం ఆయన గదికి పిలిపిచ్చిండ్రు. కూసోమన్నరు, చాయ్ చెప్పిండ్రు. నేను జరిగింది చెప్పిన. ఆ పిల్ల ప్రశ్న గూడ చెప్పిన. ఆయన శ్రద్ధగ విన్నరు.

"మంచి ప్రశ్నేనమ్మా. మీరు చేసింది తప్పని నేననను. కానీ ఆ పిల్ల పరీక్షలో, రుచి లేకపోవడం కూడా ఒక రుచే అని రాసిందనుకోండి. దిద్దేవాడికి అది ఏ పిల్ల రాసిందో, ఎందుకు రాసిందో తెలుసా? కట్టలు కట్టలు పేపర్లు వాడి ముందు. సున్నా చుడతాడు. ఆ సున్నా మోసేది మీరూ కాదు, నేనూ కాదు."

"అర్థం చేసుకుంటే మర్చిపోదు కద సార్," అన్న.

"అర్థం చేసుకోవడానికి జీవితమంతా ఉంది. పరీక్షకి మార్చి దాకానే ఉంది. ముందు ఒడ్డెక్కనివ్వండి. తర్వాత ఎన్ని నీళ్ళయినా తాగొచ్చు."

జవాబు చెప్దామనుకున్న. ఆ పేపర్లు దిద్దేటోళ్ళల్ల నేను గూడ ఒకదాన్ని. కట్టలు ఎంత తొందరగ ఒడగొట్టి అవతల పెడ్తమో నాకు ఎర్కనే. చాయ్ తాగి వచ్చేసిన.

నర్సింహ

కామన్ పరీక్షకు ముందు సార్ బడిల సొంతంగ ఒక పరీక్ష పెడ్తుండె. దాంట్ల తప్పినోళ్ళను పైపరీక్షకు పంపేది లేదు. బడి పేరు పోతదని ఒక భయం, పిల్ల అక్కడ తప్పి అవమానపడుడు ఎందుకని ఇంకొక ఆలోచన. రెండూ ఉండె ఆయనకు. సువర్ణ సైన్సుల తప్పింది. తెలిసిన జవాబులకే సొంత మాటలు కలిపి కలిపి తప్పింది.

నర్సింహను పిలిపిచ్చిండ్రు. దుకాణంల సెలవు దొరకక పొద్దుగాలనే వచ్చిండు, చెప్పులు గది బయట ఇడిచి. సువర్ణ తలుపు పక్కన రిబ్బన్ కొస నములుకుంట నిలవడ్డది.

"సార్, నాకు చదువు తెల్వది. రెండు దెబ్బలు ఎక్కువేసినా నేనేం అనను," అన్నడు. "ఆరోది ఒకసారి పోయింది. ఇది గూడ పోతే ఇగ బడి బంద్ పెడ్త. వాళ్ళమ్మ కాడ మిషన్ మీద కూసోవెడ్త. ఎనుక ఇంకిద్దరున్నరు. ఒక్కదాన్నే పట్టుకొని ఎన్నేండ్లు కూసోవాలె సార్?"

ఉత్తుత్తి బెదిరింపు కాదది. అట్ల బంద్ అయిన ఆడపిల్లలను ఆ గల్లీలనే నాలుగిండ్లల్ల చూపిస్త. మిషన్ పని తక్కువదని అంటలేను. పన్నెండు, పదమూడేండ్లకు ఇంట్ల కూసున్న పిల్లకు మళ్ళ బడి గేటు తెరుచుకోదు, అదీ నా భయం. సువర్ణ నా దిక్కు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ యాదికొస్తది.

సార్ కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండ్రు. ఆయన మెత్తబడితే అట్లనే చేస్తరని మాకందరికీ తెలుసు.

"ఒక అవకాశం ఇస్తానయ్యా. రెండు వారాల తర్వాత సైన్సు పుస్తకం మొత్తం నేనే స్వయంగా అప్పజెప్పించుకుంటాను. ఒక్క మాట ఎక్కువ ఉండకూడదు, ఒక్క మాట తక్కువ ఉండకూడదు. చెప్పిందంటే పంపిస్తాను."

నర్సింహ రెండు చేతులు జోడిచ్చిండు. నేను బయటికొచ్చి, "రోజూ అన్నం బెల్లుకు నా దగ్గరికి రా," అన్న సువర్ణతోని.

మెట్ల కాడ

మీది అంతస్తుకు పోయే మెట్ల మీద కూసొని చదివిచ్చిన. మొదటి రోజు ప్రతి వాక్యానికీ "అయితే మేడమ్..." అని షురూ చేసేది. "ఇప్పుడు కాదు. పరీక్షలైనంక అడుగు," అనేదాన్ని. గాలికి బరువుంటదని చెప్తే, "అయితే మేడమ్, మన మీద..." "పరీక్షలైనంక." గుండె బొమ్మ చూపిస్తే, "అయితే మేడమ్, పండుకున్నప్పుడు..." "పరీక్షలైనంక అన్న కదా."

తెలివైన పిల్ల. ఆపుకొనుడు గూడ తొందరగనే నేర్చుకున్నది. మొదలు నోటి దాకా వచ్చిన మాట మింగేది, నాకు కనవడేది అది. తర్వాత మింగుడు గూడ కనవడలే. రెండో వారానికి పుస్తకం మూసి ఎక్కడ అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్తున్నది. నేను ఎంత సంతోషపడ్డనో చెప్పలేను. ఇంటికి పోయి మావారితోని, "గట్టెక్కింది పిల్ల," అన్న.

సార్ గదిల అప్పజెప్పుడు చాలాసేపు నడిచింది. నేను పక్కన నిలవడ్డ. పాఠం వెంబడి పాఠం అడిగిండ్రు. ఎక్కడా ఆగలే. చివరికి కావాలనే నీళ్ళ పాఠానికి వచ్చిండ్రు.

"స్వచ్ఛమైన నీటికి రంగు, రుచి, వాసన ఉండవు," అన్నది సువర్ణ.

సార్ పుస్తకం మీదికెల్లి తలెత్తిండ్రు. "ఇంకేమైనా ఉందా?"

"లేదు సార్. అంతే."

సార్ మొఖం వెలిగిపోయింది. సొరుగు తెరిచి ఒక కొత్త పెన్ను తీసి ఇచ్చిండ్రు. కామన్ పరీక్షల ఆ పిల్ల పాసైంది, సైన్సుల మార్కులు గూడ మంచిగనే వచ్చినయి. నర్సింహ మిఠాయి డబ్బా పట్టుకొచ్చి ముందు సార్‌కు, తర్వాత నాకు ఇచ్చిండు. "మీ పుణ్యమే మేడమ్," అన్నడు. బడి బంద్ కాలే.

నా మాట

కొత్త టీచర్లు నన్ను అడుగుతరు, ఆ సార్ మంచోడా చెడ్డోడా అని. అది పనికొచ్చే ప్రశ్న కాదు. ఆయన పద్ధతి లేకుంటే మా బడి పిల్లలల్ల సగం మందికి చదువుడే రాకపోయేది. ఆయన పద్ధతే సువర్ణను మిషన్ మీదికి తోయబోయింది, మళ్ళ ఆ పద్ధతితోనే ఆ పిల్ల గట్టెక్కింది. మూడూ నిజమే. ఒక్కటే పట్టుకొని మాట్లాడేటోళ్ళను నేను నమ్మను.

నేను చేసింది తప్పా అని గూడ అడుగుతరు. అదే పిల్ల, అదే నాయన, అదే రెండు వారాలు మళ్ళ నా ముందుకొస్తే నేను మళ్ళ అదే చేస్త. బడి గేటు లోపల ఉంటేనే కదా తర్వాతి సంగతి.

అయితే ఆ "తర్వాత" అనే మాటలనే ఈ సిద్ధాంతం అసలు నష్టం ఉన్నది. ముందు పునాది, తర్వాత ఆలోచన అంటరు. వినడానికి సక్కగనే ఉంటది. పునాది అయిపోయిందని ఎవరు చెప్పాలె? ఏడు అయితే ఎనిమిది, ఎనిమిది అయితే పది, పది అయితే ఇంటర్. టైంటేబుల్ల "తర్వాత" అనే పీరియడ్ నేను ఏ బడిలా చూడలే. పిల్లకు వచ్చే ప్రశ్న పాల లెక్కనే, పక్కన పెడ్తే ఉండదు, ఇరుగుతది. ఎక్కాలు నేర్పుండ్రి, డిక్టేషన్ చెప్పుండ్రి, మాట తప్పితే దిద్దుండ్రి. అన్నీ చెయ్యాలె. అదే పీరియడ్ల, అదే రోజు, పిల్ల "అయితే మేడమ్" అంటే మాత్రం ఆపి వినుండ్రి. పాఠం వెనుకవడితే వెనుకవడనియ్యుండ్రి.

నాకు ఇది పుస్తకంల దొరకలే. సువర్ణ ఎనిమిదో తరగతికి వచ్చినంక తెలిసింది.

ఎనిమిదో తరగతి

ఎనిమిదికి కామన్ పరీక్ష లేదు. సార్ గూడ కొంచెం ఇడిసిపెట్టిండ్రు. బడి తెరిచినంక కొన్నాళ్ళకు కటకాల పాఠం వచ్చింది. నేను భూతద్దం తెచ్చి పిల్లలందరినీ వాకిట్లకు తీసుకపోయిన. నా మనసుల ఉన్నది ఒక్కటే. ఈసారి ఎవ్వరి తొందర లేదు, ఆ పిల్ల ఎన్నన్న అడగనియ్యి, సాయంత్రం దాకా అడగనియ్యి.

ఎండ మంచిగుండె. కాగితం మీద వెలుగు చుక్క పడంగనే పిల్లలు మీదికి ఎగవడ్డరు. కాగితం గోధుమ రంగు తిరిగి, నల్లవడి, సన్నగ పొగ లేచింది. తెల్ల కాగితం కంటె నల్ల కాగితం తొందరగ కాలుతదా అని ఒకడు, చేతి మీద పెడ్తే ఏమైతదని ఇంకొకడు లొల్లి పెడ్తున్నరు.

సువర్ణ ఆ గుంపుల లేదు. చూస్తే వరండా మెట్టు మీద కూసొని, పుస్తకంల ఉన్న కటకం బొమ్మను స్కేలు పెట్టి నోట్సుల దించుకుంటున్నది.

"రా బిడ్డా, పొగ వస్తున్నది చూడు," అని పిలిచిన.

వచ్చింది. పక్కన నిలవడి చూసింది. చుక్క ఇంకొంచెం చిన్నగ చేసిన, కాగితానికి చిల్లు పడి అంచు ఎర్రగ రాజుకున్నది. నేను కాగితం దిక్కు చూస్తలేను, ఆ పిల్ల మొఖం దిక్కు చూస్తున్న. పెదవులు కదిలినయి. ఏదో అడగబోతున్నది. నాకు పానం లేచొచ్చింది.

"మేడమ్, ఇది పరీక్షకు వస్తదా?"

"రాదు," అన్న.

"సరే మేడమ్," అని మర్యాదగ తలూపి, పోయి మెట్టు మీద కూసొని సగం గీసిన బొమ్మ పూర్తి చేసుకున్నది.